ఏడో నంబరు ట్రే

నోర్డ్‌బీ, మిన్నెసోటా
1984 అక్టోబరు 9

లోర్నాకు అక్క రాస్తున్నది.

నీ ఉత్తరం శనివారం అందింది. పదకొండేళ్ళలో నువ్వు నన్ను ఒక వంట గురించి అడగడం ఇదే మొదటిసారి. అందుకని ఉతకాల్సిన బట్టలు పక్కన పెట్టి కూర్చున్నాను. ఇరవై మందికి సరిపోవాలి, తేలిగ్గా అయిపోవాలి, ఎవరూ వద్దనకూడదు అన్నావు. ఆ ఇరవై మంది ఎవరో రాయలేదు. నేనూ అడగను.

అలాంటి వంట ఒక్కటే ఉంది, అది నీకూ తెలుసు. అమ్మ చేసిన హాట్‌డిష్. నీకు గుర్తుండే ఉంటుంది గాని వరసగా రాస్తాను, ఎందుకంటే నువ్వు చిన్నప్పటి నుంచీ వరస తప్పుతావు.

ఒక్కో ట్రేకి రెండు పౌన్ల గొడ్డుమాంసం కీమా, ఒక పెద్ద ఉల్లిపాయ. కీమా ఎరుపు పోయేదాకా వేయించి కొవ్వు వంచెయ్యి. ఉప్పు వెయ్యకు, సూపులోనే ఉంటుంది. కీమా ట్రేలో పరిచి, దాని మీద బీన్స్, ఆ పైన పుట్టగొడుగుల సూపు రెండు డబ్బాలు. నీళ్ళు కలపొద్దు. అన్నిటికీ పైన ఫ్రీజర్లోంచి అప్పుడే తీసిన బంగాళాదుంప గుళికలు. వాటిని కుమ్మరించకు. ఒక్కొక్కటీ వరసగా పేర్చు. ఓవెన్లో మూడు వందల డెబ్బై ఐదు డిగ్రీలు, గంట సేపు. అంచుల్లో సూపు బుడగలు రావాలి, పైన గుళికలు కరకరలాడాలి. తీశాక పది నిమిషాలు ఎవరినీ ముట్టుకోనివ్వకు. ఈ వంటలో కష్టమంతా ఆ పది నిమిషాలే.

ఇరవై మందికి రెండు ట్రేలు చాలంటారు. మూడు చెయ్యి.

డబ్బా సూపు వాడానని మొన్న కొత్త డాక్టరుగారి భార్య నాకు పత్రిక కాగితం ఒకటి చించి ఇచ్చింది. వెన్నలో పిండి వేయించి, తాజా పుట్టగొడుగులు తరిగి, పాలు పోసి కలుపుకోవాలట. "ఇలా అయితే ఇంకా బాగుంటుంది కదండీ" అంది. "ఇలా అయితే వంట అయ్యేసరికి చచ్చినవాళ్ళ ఏడాది ప్రార్థన కూడా అయిపోతుంది తల్లీ" అన్నాను. మనం ఏదో గొప్పకి వండం. ఎవరింట్లోనో పొయ్యి ఆరిపోయిందని తెలిసిన రెండు గంటల్లో వాళ్ళ గుమ్మంలో ఉండాలి, అందుకని వండుతాం. చర్చి వంటగది తాళం పందొమ్మిదేళ్ళుగా నా దగ్గరుంది. నాకు తెలుసు.

ఊరి కబురు ఒకటే. మావిస్ డాల్ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఇరవై ఆరేళ్ళ కాపురం. ఇప్పుడు చెప్పుల షాపు మీద మేడగదిలో ఉంటోంది. మొగుడు ఓర్విల్ పాపం ఆదివారం చర్చి పాటల్లో గొంతు ఎత్తలేకపోయాడు. మన ఆడవాళ్ళం ఊరుకుంటామా, ఒక్క వారంలో పదకొండు ట్రేలు వెళ్ళాయి. నాది పన్నెండోది. ఫ్రీజర్ తలుపు పడక దానికి తాడు కట్టాడట. మీ బావగారితో, "క్లిఫర్డ్, ఇంకొక్క బంగాళాదుంప చూశానంటే నేనూ ఇల్లు వదిలి పోతాను" అన్నాడట.

ఎలా వచ్చిందో రాయి.

అక్క ఆర్డిస్


డులూత్
అక్టోబరు 16

అక్కా,

మూడు ట్రేలు చేశాను. ఇరవై ఇద్దరు తిన్నారు. అంచుల్లో అంటుకున్నది కూడా గోకి తినేశారు. ఒకావిడ ఖాళీ ట్రే ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. గుళికలు వరసగానే పేర్చాను. నువ్వు చూడలేదు కాబట్టి నమ్మాలి మరి.

పది నిమిషాలు ఆపలేకపోయాను. ఆరు నిమిషాలకే ఒప్పుకున్నాను.

ఒక్క సంగతి అడుగుతాను. ఓర్విల్‌కి పన్నెండు ట్రేలు వెళ్ళాయన్నావు. మావిస్‌కి ఎన్ని వెళ్ళాయి?

లోర్నా


నోర్డ్‌బీ
అక్టోబరు 28

లోర్నాకు,

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. నువ్వు ఎప్పుడూ ఇంతే, అన్నం పెట్టిన చేతికి ఒక ప్రశ్న వేస్తావు. రెండు రోజులు జవాబు రాయలేదు. మావిస్ తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళింది. గదిలో పొయ్యి ఉంది. చేతులు బాగానే ఉన్నాయి. ఇదంతా నీకు రాద్దామని కాగితం తీశాను. రాస్తుంటే ఒక్కటి అడ్డం తగిలింది. ఓర్విల్ చేతులకి మాత్రం ఏమైంది?

నా గోధుమరంగు నోటుబుక్కు నీకు తెలుసు. ట్రే నంబరు, ఎవరింటికి, ఏ వంట, ఎందుకు, తిరిగి వచ్చిన తేదీ. 1961 నుంచి ఒక్క రోజు తప్పలేదు. తీసి చూశాను. చావులు, కాన్పులు, ఆపరేషన్లు, ఒక అగ్నిప్రమాదం. భార్యలు వదిలి వెళ్ళిన మగవాళ్ళు నలుగురు. వెళ్ళిపోయిన ఆడది ఒక్కతె కూడా లేదు.

గురువారం చర్చి కింది హాల్లో ఆడవాళ్ళ మీటింగులో లేచి చెప్పాను. మావిస్‌కి కూడా ఒక ట్రే పంపుదామని. కాఫీ కప్పులన్నీ సాసర్లలోకి దిగాయి. అధ్యక్షురాలు యూనిస్ బ్రాట్‌వోల్డ్ కళ్ళజోడు తీసి తుడిచింది.

"చావుకి, కాన్పుకి, ఆపరేషన్‌కి. మా అత్తగారి కాలం నుంచీ అదే పద్ధతి, ఆర్డిస్."

"ఓర్విల్‌కి ఏ ఆపరేషన్ అయింది యూనిస్‌గారూ?"

వెనక ఎవరో నవ్వి దగ్గులా మార్చేసుకున్నారు.

"మగాడమ్మా, వండుకోలేడు," అంది బ్యూలా.

"యాభై రెండేళ్ళొచ్చాయి. ట్రాక్టరు ఇంజను విప్పి బిగిస్తాడు. పొయ్యి మీట తిప్పలేడా?"

"అది కాదే. మన ట్రే వెళ్ళిందంటే బాగా చేశావమ్మా అన్నట్టు అవుతుంది. రేపు ఇంకో ఇద్దరు గడప దాటుతారు."

"అయితే బ్యూలా, నా హాట్‌డిష్ కోసం కాపురాలు వదిలేస్తారంటావు. ఇంత బాగుంటుందని ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పలేదేం?"

యూనిస్ చెంచాతో బల్ల మీద కొట్టింది. చర్చి పేరున ట్రే వెళ్ళదని తీర్మానం రాయించింది. రాసుకోమన్నాను. నా వంటింటి పేరున వెళ్తుందన్నాను.

మర్నాడు నాలుగో నంబరు ట్రే పట్టుకుని చెప్పుల షాపు మెట్లు ఎక్కాను. పట్టపగలు, పోస్టాఫీసు ఎదురుగా, అందరూ చూసేట్టు. మావిస్ తలుపు తీసి ట్రే వైపు చూసింది.

"ఓర్విల్ ఇక్కడ లేడు, ఆర్డిస్."

"తెలుసు. పక్కకి జరుగు, చేతులు కాలుతున్నాయి."

గదిలో ఒక కుర్చీ, ఒక ఫోర్కు. నేను పెట్టె మీద కూర్చున్నాను. తను ట్రేలోంచే తింది. సగం తిన్నాక ఫోర్కు పక్కన పెట్టి, "ఇరవై ఆరేళ్ళు ఇవే ట్రేలు నేనూ మోశాను. వచ్చిన మొదటి ఎనిమిది రోజులూ ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాను, ఎవరో ఒకరు తెస్తారని. సిగ్గులేనిదాన్ని" అంది. మళ్ళీ ఫోర్కు తీసుకుంది.

నీ ప్రశ్నకి జవాబు ఒకటి. ఎనిమిది రోజులు కాదు, ఇరవై ఆరు రోజులు ఆలస్యంగా ఒకటి.

ఆర్డిస్


డులూత్
నవంబరు 5

అక్కా,

నీ ఉత్తరం మా వంటింట్లో అందరికీ చదివి వినిపించాను. "ఓర్విల్‌కి ఏ ఆపరేషన్ అయింది" దగ్గర రెండుసార్లు చదవమన్నారు.

ఇక ఆ ఇరవై మంది ఎవరో రాస్తాను. కొండ మీద ఒక పాత ఇల్లుంది, తొమ్మిది గదులు. ఇల్లు వదిలి వచ్చిన ఆడవాళ్ళు అక్కడ ఉంటారు, పిల్లలతో. కొందరు ఒక సంచీతో వస్తారు, కొందరు సంచీ కూడా లేకుండా. నాలుగేళ్ళుగా శుక్రవారం వంట నాది. ఇన్నాళ్ళూ బజారు రొట్టె, సూపు పెట్టేదాన్ని. ఒకరోజు కొత్తగా వచ్చినావిడ, "మా ఊళ్ళో అయితే ఈపాటికి ఎవరో ఒకరు హాట్‌డిష్ తెచ్చేవాళ్ళు" అని, రొట్టె తుంచుతూ, "నాకు కాదనుకోండి" అంది. అందుకే నీకు రాశాను.

నువ్వు నోటుబుక్కు తీసి చూశానన్నావు. మగవాళ్ళు నలుగురు అన్నావు. సరిగ్గా చూశావో లేదో నాకు తెలియదు. ఇంకోసారి తియ్యి. 1973 నవంబరు.

ఏమీ కలపకుండా, ఏమీ తీసెయ్యకుండా, ఉన్నది ఉన్నట్టు రాసి పంపు.

లోర్నా


నోర్డ్‌బీ
నవంబరు 9

లోర్నాకు,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నవంబరు 15. ట్రే నంబరు 7. వెండెల్ ఇంటికి. హాట్‌డిష్. ఎందుకు: భార్య వెళ్ళిపోయింది. తిరిగి వచ్చిన తేదీ: నవంబరు 24. కడిగి ఇచ్చాడు, కృతజ్ఞతల కార్డుతో. మంచి మనిషి.

అంతే ఉంది. నా చేతిరాతే.

"భార్య" అని రాశాను. నీ పేరు రాయలేదు. మా చెల్లెలు అని రాయలేదు. ఆ పేజీ అంతా వెతికాను, వెనక పేజీ, ముందు పేజీ, డిసెంబరు చివరిదాకా. నీ పేరున ఒక్క ట్రే లేదు. అప్పుడు నువ్వెక్కడున్నావో కూడా ఎక్కడా రాసి లేదు. అడిగానో లేదో నాకు గుర్తు లేదు. అడగలేదనే అనుకుంటున్నాను.

ఆ నలుగురిలో ఒకడు వెండెల్. మొన్న లెక్క పెట్టినప్పుడు ఆ పేరు మీద నా వేలు ఆగింది. ఆగి కిందికి జరిగింది. అది నీకు రాయలేదు.

ఆర్డిస్


డులూత్
నవంబరు 19

అక్కా,

వేలు ఆగిన సంగతి రాశావు కాబట్టి నేనూ రాస్తాను.

వెళ్ళిపోయిన పదో రోజున చలికోటు కోసం మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. వంటింట్లో గిన్నెలు ఆరబెట్టే చోట ఒక ట్రే బోర్లించి ఉంది. మూల నొక్కు చూడగానే తెలిసింది. ఆ నొక్కు నాదే. ఎనిమిదేళ్ళప్పుడు చర్చి మెట్ల మీద పడేశాను, అమ్మ తిట్టకుండా నువ్వు నీ మీద వేసుకున్నావు. అడుగున టేపు మీద ఆర్డిస్ టాలెఫ్సన్ అని నీ పేరు. చదవక్కర్లేకుండానే చదివాను.

వెండెల్ నా వెనకే నిలబడ్డాడు. "మీ అక్క తెచ్చింది. చూశావా, తప్పెవరిదో మీ వాళ్ళకే తెలుసు" అన్నాడు. అప్పటికి అతను నాతో మాట్లాడి నలభై రోజులయింది. తనని అడక్కుండా అమ్మని చూడడానికి ఒక ఆదివారం వెళ్ళినందుకు, ఇల్లు వదిలేదాకా ఒక్క మాట లేదు. దెబ్బ ఎప్పుడూ కొట్టలేదు. చూపించడానికి నా ఒంటి మీద ఏమీ లేదు. పదహారేళ్ళలో అలాంటి మౌనాలు లెక్కపెట్టడానికి నా దగ్గర నోటుబుక్కు లేదు.

కోటు తీసుకుని బస్సెక్కాను. ఆ నెలంతా అద్దె గదిలో బిస్కట్లు, కాఫీ. అమ్మ పోయినప్పుడు వచ్చాను గాని కింది హాల్లోకి భోజనానికి దిగలేదు. ఎందుకు దిగలేదని నువ్వు అడగలేదు. పొగరు అనుకున్నావు. ఆ బల్ల మీద ఏడో నంబరు ట్రే ఉంటుందని నాకు తెలుసు.

క్షమించానో లేదో రాయమనకు. అది ఉత్తరంలో రాసేది కాదు.

లోర్నా


నోర్డ్‌బీ
డిసెంబరు 10

లోర్నాకు,

జవాబు ఆలస్యం చేశాను. మాటలతో కాకుండా ఏదైనా చేసి ఆ తర్వాత రాద్దామనుకున్నాను.

మావిస్‌కి ప్రతి శుక్రవారం ట్రే వెళ్ళడం ఆగలేదు. పోయిన నెల చివర్లో యూనిస్ నన్ను పిలిపించి, నువ్వు మానెయ్యి, లేదా వంటగది తాళం ఇచ్చెయ్యి అంది. పందొమ్మిదేళ్ళు మెడలో వేసుకున్నట్టు తిరిగిన తాళం. బల్ల మీద పెట్టేశాను. అలా ఇచ్చేస్తానని ఆవిడ అనుకోలేదు, మొహం చూస్తే తెలిసింది.

"సరే మరి, నావి నేను తీసుకెళ్తాను" అన్నాను.

"నీవేమున్నాయి ఇక్కడ?"

ఒక్కొక్కటీ బోర్లించి అడుగున పేరు చూడడం మొదలుపెట్టాను. ట్రేలు తొమ్మిదీ నావే. పెద్ద కాఫీ కుండ నాది. గరిటెలు, కత్తులు, జెల్లీ అచ్చులు, తువ్వాళ్ళు. క్లిఫర్డ్ బండి నాలుగుసార్లు నింపాడు. ఆఖరి విడత మోస్తూ, "తలుపులకి కూడా టేపు అంటించావేమో చూడు" అన్నాడు. వంటగదిలో మిగిలినవి రెండు గరిటెలు, సొట్టలు పడిన ఒక జల్లెడ.

వారం తిరక్కుండానే ముసలి సెల్మర్ పోయాడు. ఎనభై మంది దాకా వస్తారు. బ్యూలా వెనక గుమ్మంలోంచి వచ్చింది.

"ట్రేలు కావాలే."

"ట్రేలు వస్తాయి, నేనూ వస్తాను. సెల్మర్ మీద నాకేం కోపం? కాని మావిస్ కూడా వస్తుంది. అటు పక్క తను పట్టుకుంటేనే ట్రే లేస్తుంది."

"యూనిస్ ఒప్పుకోదు."

"అయితే ఆ రెండు గరిటెలతో వడ్డించమను."

వచ్చాం. నేనూ మావిస్ ఒక్కో ట్రే చెరో పక్కా పట్టుకుని కింది హాలు మెట్లు దిగాం. హాట్‌డిష్ ఎనిమిది ట్రేలు. ఓర్విల్ లేచి తలుపు దగ్గరకి పోయాడు. మావిస్ కాఫీ కుండ పట్టుకుని బల్లల మధ్య తిరుగుతుంటే, ఒక్కొక్కరూ కప్పు మీద అరచెయ్యి పెట్టేశారు. ఇటు వరస అంతా, అటు వరస అంతా. తను ఆగలేదు. చివరి బల్ల దగ్గర సెల్మర్ భార్య ఇంగా కూర్చుంది. ఎనభై ఒక్క ఏళ్ళు. కప్పు ఎత్తి పట్టుకుంది.

"పొయ్యమ్మా. నిండా పొయ్యి. యాభై తొమ్మిదేళ్ళు ఆయనతో వేగాను. నువ్వు ఇరవై ఆరుకే తెలివి తెచ్చుకున్నావు."

చావింటి పెద్దావిడని ఎవరు కాదంటారు? ఇంగా పక్కనావిడ చెయ్యి తీసింది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. అందరూ తియ్యలేదు. యూనిస్ కప్పు చివరిదాకా బోర్లించే ఉంది, ఉండనివ్వు. తాళం నేను తిరిగి అడగలేదు, అడగను. ట్రేలు మాత్రం ఆ సాయంత్రమే మళ్ళీ బండికెక్కాయి. ఇకమీద కావలసినవాళ్ళు నా గుమ్మానికి రావచ్చు, ఎందుకు కావాలో నేను అడగను.

ఆ రోజు వడ్డించినవి ఎనిమిదే. ఏడో నంబరు ఇంట్లోనే ఉంచాను.

వచ్చే శుక్రవారం బస్సుకి వస్తున్నాను. ఇక్కడ పొద్దున తొమ్మిదింటికి, అక్కడికి నాలుగూ ఇరవైకి. నువ్వు రమ్మనలేదు. వద్దని రాయడానికి నీకు సరిగ్గా మూడు రోజులున్నాయి, రాసినా వస్తాను. గుమ్మం బయట ట్రే పెట్టి వెనక్కి పొమ్మంటే పోతాను. ట్రే మాత్రం పెట్టి పోతాను.

ఇక్కడ కాల్చను, దారిలో చల్లారిపోతుంది. కీమా, బీన్స్, సూపు పేర్చి తెస్తాను. గుళికలు వేరే ఐసు పెట్టెలో, పైన అక్కడే వేద్దాం. రెండో ట్రే మావిస్ ఒళ్ళో వస్తుంది. మీ ఇంట్లో ఒక గది ఖాళీ ఉందేమో అడుగుతోంది, ఉండడానికి కాదు, శుక్రవారాలు సాయం చెయ్యడానికి వచ్చినప్పుడు పడుకోవడానికి. మూడో ట్రే నీది వాడు, మూడు చెయ్యమని నేనే కదా అన్నాను.

నిన్న ఏడో ట్రేని వేడినీళ్ళలో నానబెట్టి అడుగున టేపు గోరుతో గీకి తీసేశాను. కొత్త టేపు అంటించి లోర్నా అని రాశాను. నోటుబుక్కులో కూడా రాశాను. డిసెంబరు 14. ట్రే నంబరు 7. డులూత్. హాట్‌డిష్. ఎందుకు: మా చెల్లెలు ఇల్లు వదిలి వచ్చింది. తిరిగి వచ్చిన తేదీ గడిలో అడ్డగీత కొట్టేశాను. అది ఇక ఈ ఇంటికి రాదు.

ఓవెన్ మూడు వందల డెబ్బై ఐదులో పెట్టి ఉంచు.

అక్క